రొయ్యలు కావమ్మా, మిడతలు

పురుగంటే నాకు చచ్చేంత భయం. స్నానాల గదిలో బొద్దింక కనిపిస్తే మావారు ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నా సరే కేకవేసి పిలుస్తాను. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ శనివారం నా పక్కన నడుస్తున్న అమ్మాయికి మాత్రం తెలియదు. అందుకే ఆమె ముందు అంతంత గొప్పలు కోయగలిగాను.

ఆ అమ్మాయి మా అబ్బాయి చేసుకోబోయే పిల్ల. అమెరికాలోనే, ట్రాయ్‌లో పుట్టి పెరిగింది. తండ్రి అక్కడ కార్ల కంపెనీలో ఇంజినీరు. వాళ్ళది వరంగల్ వైపు, మాది గోదావరి వైపు. వాళ్ళమ్మా నేనూ ఇంకా ఒకరి ముఖం ఒకరం నేరుగా చూసుకోలేదు గానీ, ఫోన్లో మూడు నాలుగుసార్లు మాట్లాడుకుని అప్పుడే వదినా అంటే వదినా అనుకుంటున్నాం. పిల్ల మా ఇల్లు చూసి వెళ్దామని మొదటిసారి శాన్ హోసే దగ్గరి డబ్లిన్ వచ్చింది, మూడు రోజులు ఉండేట్టుగా. మావారు ఆ వారం ఆఫీస్ పని మీద టెక్సాస్ వెళ్ళారు. మా అబ్బాయి ఆఫీస్ సన్నీవేల్‌లో. ఆ శనివారమే ఏదో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందన్నాడు.

"అమ్మా, నువ్వూ తనూ ఎటైనా వెళ్ళి రండి. సాయంత్రానికి నేను ఫ్రీ అయిపోతా. ప్లీజ్, తన ముందు ప్రతిదానికీ భయం భయం అనకు," అని పొద్దున్నే ఒక సలహా పారేసి కారెక్కాడు.

నిజానికి ఆ మూడు రోజుల్లో నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడింది ఆ పిల్లకే. ఇల్లంతా పోపు వాసన వస్తోందని అనుకుంటుందేమో. నా ఇంగ్లీషు విని లోపల నవ్వుకుంటుందేమో. ఉన్న ఒక్క కొడుకు, పెళ్ళయ్యాక ఈ పిల్ల ఎటు తిరిగితే వాడూ అటే తిరుగుతాడు, వాడి సంగతి నాకు తెలుసు. ఈమెకి నేను నచ్చకపోతే నా గతేమిటి? ఆమె నవ్వినప్పుడల్లా మనసారా నవ్విందా, మర్యాదకు నవ్విందా అని ముఖంలోకి చూసేదాన్ని.

వచ్చిన రోజు గుత్తివంకాయ వండాను. "చాలు ఆంటీ, వద్దు," అంటూనే పెట్టిందల్లా తిన్నది. మా ఇళ్ళల్లో మొదటి వద్దుకి విలువ లేదు. రెండోదానికీ అంతంత మాత్రమే. మూడోసారి కంచం మీద రెండు చేతులూ అడ్డం పెడితే అప్పుడు ఆలోచిస్తాం. ఇక్కడ పుట్టిన పిల్ల, నాకు వద్దు అని చెప్పి లేచిపోతుందేమోనని బెదురుతూ కూర్చున్నదాన్ని, ఆమె మూడో వంకాయ కూడా తినేసరికి ఎంత బాగా పెంచారమ్మా అని మురిసిపోయాను.

శనివారం పొద్దున ఎటు తీసుకెళ్ళాలో తోచలేదు. మాల్‌కి తీసుకెళ్తే బోర్ అనుకుంటుందని, శాన్ హోసే వైపు ఒక పెద్ద పార్కింగ్ లాట్‌లో వారానికోసారి జరిగే సంతకి డ్రైవ్ చేశాను. నేను అక్కడికి కరివేపాకు మొక్క కోసం ఒకసారి వెళ్ళాను. పాత డ్రిల్లు మెషీన్లు, దుప్పట్లు, పంజరాల్లో చిలకలు, కారం చల్లిన మామిడి ముక్కలు, అన్నీ పక్కపక్కనే అమ్ముతారు. మెక్సికో వాళ్ళే ఎక్కువ. పిల్లకి భలే నచ్చింది. స్కూల్లో స్పానిష్ నేర్చుకుందట, ప్రతి కొట్టు దగ్గరా ఆగి కబుర్లు చెబుతోంది. నేను ఆమె వెనకాల సంచీ పట్టుకుని, ఎండకి చెంగు నెత్తిన కప్పుకుందామంటే చీర కట్టుకోలేదాయె, చున్నీ కప్పుకుని నడిచాను.

అలా ఒక గుడారం దగ్గర ఆగింది. గళ్ళ ఏప్రన్ కట్టుకున్న ఒక పెద్దావిడ, నా వయసే ఉంటుంది, చిన్న గ్యాస్ పొయ్యి మీద వెడల్పాటి పెనం పెట్టి ఏదో వేయిస్తోంది. ముందు మూడు వెదురు బుట్టలు. ఎర్రగా, కుప్పలుగా పోసి ఉంటే దూరం నుంచి ఎండుమిరపకాయ తొడిమలనుకున్నాను. దగ్గరికి వెళ్ళి వంగి చూశాను. తొడిమలకి కళ్ళున్నాయి.

మిడతలు! ఒక బుట్టలో వడ్లగింజంతవి, ఇంకో బుట్టలో వేలి కణుపంతవి, మూడో బుట్టలో చూపుడువేలంత గండుమిడతలు. ఓరి దేవుడా, ఒళ్ళంతా జలదరించింది. నా చున్నీ అంచు ఆ బుట్టకి తగిలితే చటుక్కున లాక్కున్నాను. గెంతి మీద పడతాయేమోనని, వేయించిన మిడతలు!

"ఆంటీ, ఇది చూశారా? గ్రాస్‌హాపర్స్! వాళ్ళ ఊళ్ళో తాతల టైమ్ నుంచి రోడ్డు మీద ఇలాగే అమ్ముతారట," అన్నది పిల్ల, కళ్ళు పెద్దవి చేసి. తర్వాత నా ముఖం చూసింది. "ఆంటీ, ఆర్ యూ ఓకే? భయమా?"

ఆ ఒక్క మాటకి నాలో బింకం లేచింది. కొడుకు చెప్పి వెళ్ళిన మాట చెవిలో గింగురుమంది.

"భయమా? నాకా? మాకివేం కొత్త కాదమ్మా. తొలకరి వాన పడగానే దీపాల చుట్టూ ఉసిళ్ళని రెక్కల పురుగులు మూగుతాయి. పట్టుకుని, రెక్కలు రాల్చి, మూకుట్లో వేయించి, పేలాల్లో కలుపుకుని తినేవాళ్ళు మా వైపు."

"రియల్లీ? మీరు తిన్నారా?"

"ఓ, ఎన్నిసార్లో!"

పచ్చి అబద్ధం. మా పక్కింటివాళ్ళు ఉసిళ్ళు వేయిస్తుంటే నేను దుప్పటి ముసుగు పెట్టుకుని వెనక గదిలో పడుకునేదాన్ని. ఆ వాసన వచ్చినంతసేపూ బయటికి వచ్చేదాన్ని కాదు. ఇప్పుడు ఆ ఉసిళ్ళని నేనే బొక్కినట్టు చెప్పేశాను. పిల్ల ముఖంలో నా మీద ఒక రకం గౌరవం కనిపించింది. మూడు రోజుల్లో మొదటిసారి మర్యాద నవ్వు కాకుండా అసలు నవ్వు నవ్వింది. ఇంకేం, నేను ఆకాశంలో తేలిపోయాను.

ఆ పిల్ల ఊరుకోక కొట్టావిడకి స్పానిష్‌లో చెప్పేసింది, మా ఆంటీ వాళ్ళ ఊళ్ళో కూడా పురుగులు తింటారని. ఆవిడ ముఖం వెలిగిపోయింది. పెనం మీద నుంచి చిన్న మొక్కజొన్న రొట్టె ముక్క తీసి, దాని మీద గరిటెడు వేడి మిడతలు పోసి, నిమ్మకాయ పిండి, నా చేతిలో పెట్టింది. రెండు చేతులతో తినమని సైగ చేసింది.

తప్పించుకునే దారి కోసం వెతికాను. "బీఫ్ కలవలేదు కదా? అడుగమ్మా," అన్నాను. ముప్పై ఏళ్ళుగా ఈ దేశంలో బయట ఏం తిన్నా నేను అడిగేది ఆ ఒక్క ప్రశ్నే. బీఫ్ లేదంటే ఇక ఏ భయమూ లేనట్టు. పిల్ల అడిగింది. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వి, వెల్లుల్లి, నిమ్మకాయ, ఉప్పు, కారం, అంతే అని వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. దారి మూసుకుపోయింది.

అన్నిటికన్నా చిన్నది ఏరాను. దానికీ తల ఉంది, పొట్ట మీద గీతలున్నాయి, ముడుచుకున్న కాలొకటి ఉంది. వేళ్ళ మధ్య గడ్డిపోచంత బరువు కూడా లేదు. నోట్లో పెట్టుకున్నాక కదిలితే? కాలు పంటి సందులో ఇరుక్కుంటే? ఇక్కడే, ఈ పిల్ల ముందే, వాంతి చేసుకుంటే? కళ్ళు గట్టిగా మూసుకుని, ఊపిరి బిగబట్టి, మాత్ర వేసుకున్నట్టు వేసుకున్నాను.

కరకరమంది. అంతే. ముందు నిమ్మకాయ పులుపు తగిలింది, వెనకాలే కారం, ఆ తర్వాత వేయించిన ఉప్పటి రుచి ఒకటి. ఎక్కడో తిన్న రుచి. నాలుక మీద తిప్పి చూశాను. ఇంకో రెండు వేసుకున్నాను. అప్పుడు తట్టింది.

"అచ్చం ఎండురొయ్యల వేపుడే!" అని అరిచాను. "మా అమ్మ చింతచిగురులో వేసేది. అదే రుచి! తిని చూడమ్మా, నీకే తెలుస్తుంది."

పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది. "ఆంటీ, నాకు రొయ్యలు పడవు. చిన్నప్పుడు తింటే మౌత్ అంతా ఇచ్చింగ్ వచ్చింది. మమ్మీ అప్పటినుంచి వండదు."

"ఇవి రొయ్యలు కావమ్మా, మిడతలు. రొయ్యలు నీళ్ళల్లో ఉంటాయి, ఇవి గడ్డిలో గెంతుతాయి. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

"వద్దు ఆంటీ. మీరు తినండి."

నాకు నవ్వొచ్చింది. ఇంతసేపూ ధైర్యంగా ఉన్న పిల్ల భయపడుతోంది, నేను తినేశాను! ఒక్క నిమిషం క్రితం దాకా చెమటలు కక్కినదాన్ని, మూడు మిడతలు కడుపులో పడగానే ఎంత వీరవనితనైపోయానో. అప్పుడే భయం వదిలినవాళ్ళు పక్కవాళ్ళ భయాన్ని ఓర్చుకోలేరు. వెనక్కి తిరిగి చూసుకుంటే నా బుద్ధి గడ్డి తిన్నది అక్కడే.

"నన్ను చూడు, తిన్నానా లేదా? ఒక్కటే ఒక్కటి. నా చేత్తో పెడుతున్నాను, కాదనకూడదు."

"ఆంటీ, నిజంగా వద్దు..."

ఇంతలోనే నా వేళ్ళు ఆమె పెదాల దగ్గరికి వెళ్ళిపోయాయి. ఆమె నా వేళ్ళ వంక చూసింది, నా ముఖం వంక చూసింది. నోరు తెరిచింది. పెట్టాను. ఒకటి కాదు, రొట్టె ముక్కతో సహా నాలుగైదు. నమిలి మింగి, "బాగుంది ఆంటీ," అన్నది. నేను ఆమె బుగ్గ పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను.

రెండు గుడారాలు దాటామో లేదో, ఆమె పెదవి గోక్కోవడం మొదలుపెట్టింది. తర్వాత దగ్గింది.

"కారం తగిలిందా?" అన్నాను నవ్వుతూ. "ఇక్కడి పిల్లలు ఇంతే, కాస్త మిరపకాయ తగిలితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు."

"ఐ డోంట్ నో, ఆంటీ. గొంతు ఫన్నీగా ఉంది."

పక్క కొట్లో చల్లటి నిమ్మరసం తెచ్చి తాగించాను. రెండు గుక్కలు తాగి దగ్గింది. కారానికి పంచదార మంచిదని, ఒక మిఠాయి చిదిపి నోట్లో వేశాను. వీపు నిమిరాను. ఆమె దగ్గుతూనే ఉంది. ముక్కు ఎగబీలుస్తోంది, కళ్ళు ఎర్రబడ్డాయి. ఇదంతా కారం పనే అని నేను నమ్మిన నమ్మకం చూస్తే ఇప్పుడు నన్ను నేనే చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది. ఎన్ని నిమిషాలు అలా పోయాయో. మెడ మీద జుట్టు తీసి చూసేసరికి, దద్దుర్లు. గోరుచిక్కుడు గింజలంత, ఎర్రగా, చెవుల దాకా. నేను చూస్తుండగానే కింది పెదవి ఉబ్బి ఒక పక్కకి తిరిగింది.

"ఆంటీ," అన్నది. అది ఆమె గొంతు కాదు. ఎవరో ముసలివాళ్ళ గొంతు.

"ఏమిటమ్మా, ఏమిటి? నీళ్ళు తాగు, ఇంకొంచెం తాగు," అంటూ గ్లాసు మళ్ళీ నోటి దగ్గర పెట్టాను. ఎవరో నా చేయి పట్టుకుని గ్లాసు లాగేశారు. చూస్తే ఆ కొట్టావిడ. పొయ్యి వదిలేసి పరుగెత్తుకొచ్చింది. పిల్ల ముఖం ఇటూ అటూ తిప్పి చూసి, "అలెర్హియా, అలెర్హియా!" అని నా మీద అరిచింది. అలర్జీ అన్నమాట. తన చెవి దగ్గర బొటనవేలూ చిటికెనవేలూ పెట్టి ఫోన్ చెయ్యమని చూపించింది. పిల్లని కింద కూర్చోబెట్టి, వెనక నుంచి తన ఒళ్ళో ఆనించుకుంది.

తొమ్మిది ఒకటి ఒకటి నొక్కడానికి మూడుసార్లు పట్టింది. అవతలి మనిషి ఎక్కడున్నారని అడిగితే చెప్పాను. ఏం తిన్నదని అడిగింది. నాకు మిడతని ఇంగ్లీషులో ఏమంటారో గుర్తు రాలేదు. ముప్పై ఏళ్ళు ఆ భాషలో ఉద్యోగం చేశాను, కాసేపటి క్రితమే ఆ పిల్ల నోటి వెంట విన్నాను, అయినా రాలేదు. "ఇన్‌సెక్ట్, ఇన్‌సెక్ట్," అన్నాను. కుట్టిందా అని అడిగింది. "నో, షీ ఏట్. ప్లీజ్ కమ్," అని ఏడ్చాను.

అంబులెన్స్ వచ్చేలోపు ఆ పిల్ల ఊపిరి పీల్చినప్పుడల్లా కూత వినపడింది. కూత సన్నబడుతోంది. సన్నబడిన కొద్దీ నాకు ప్రాణం పోతోంది. ఆమె ఒక చేత్తో గొంతు పట్టుకుని, రెండో చేత్తో నా చేయి పట్టుకుంది. ఇందాక ఆమె నోట్లో పెట్టిన చేయి అదే. ఇంకా నిమ్మకాయా వెల్లుల్లీ వాసన వస్తోంది. దేవుడికి మొక్కుకుందామంటే ఏ దేవుడి పేరూ నోటికి రాలేదు. ఆ తల్లికి ఏమని చెప్పను, ఆ తల్లికి ఏమని చెప్పను, అదొక్కటే బుర్రలో తిరిగింది. అప్పుడు ఆ పిల్ల పట్టు సడలింది. తల కొట్టావిడ భుజం మీదికి వాలిపోయింది. నేను అరిచిన అరుపుకి చుట్టుపక్కల గుడారాల్లో వాళ్ళంతా లేచి వచ్చారు.

అంబులెన్స్ వాళ్ళు ఆమె తొడలో ప్యాంటు మీద నుంచే సూది గుచ్చారు. ముఖానికి ఆక్సిజన్ పెట్టారు. నన్ను ముందు సీట్లో డ్రైవర్ పక్కన కూర్చోబెట్టారు. వెనక నుంచి ఏ మాట వినపడినా ఉలిక్కిపడ్డాను, వినపడకపోతే ఇంకా భయపడ్డాను. సగం దారిలో వెనక ఉన్న అంబులెన్స్ కుర్రవాడు, "గుడ్, కీప్ బ్రీదింగ్ ఫర్ మీ," అనడం వినిపించింది. ఊపిరి తీస్తున్నదన్నమాట. అప్పుడు నేనూ తీశాను.

హాస్పిటల్లో ఇంకో సూది ఇచ్చారు, చేతికి సెలైన్ పెట్టారు. గంట గడిచాక పెదవి వాపు కాస్త తగ్గింది. డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన నిలబడింది. ఇంతకు ముందు రొయ్యలూ పీతలూ తింటే ఏమైనా అయిందా అని అడిగింది. పిల్ల తల ఊపింది. రొయ్యలు పడనివాళ్ళలో చాలామందికి మిడతలూ కీచురాళ్ళూ కూడా పడవనీ, రెండింటిలోనూ ఒకే రకం పదార్థం ఉంటుందనీ డాక్టరమ్మ చెప్పింది. దానికీ దీనికీ ఏమిటి సంబంధం అని నేనే కదా అడిగాను. ఇదీ సంబంధం.

"మరి ఎందుకు తిన్నావు?" అని అడిగింది డాక్టరమ్మ, మెత్తగానే.

పిల్ల నా వైపు చూడలేదు. "నాకే ట్రై చెయ్యాలనిపించింది," అన్నది ఇంగ్లీషులో, బొంగురు గొంతుతో.

నేను అక్కడే ఉన్నాను. మంచం కమ్మీ పట్టుకుని, ఒక్క అడుగు దూరంలో. నోరు విప్పలేదు. విప్పకపోగా, చెప్పడానికి సిగ్గుగా ఉంది, లోపల హమ్మయ్య అనుకున్నాను. నేను పెట్టిన మెసేజ్ చూసి మా అబ్బాయి ఫోన్ చేసి కంగారుగా అడిగితే, "సంతలో ఏదో తిన్నదిరా, పడలేదు, ఇప్పుడు బాగానే ఉంది," అన్నాను. ట్రాఫిక్‌లో ఉన్నాను, వస్తున్నాను అన్నాడు. వాడు వచ్చేసరికి కథ అలాగే స్థిరపడిపోతుంది. ఎవరూ నన్నేమీ అనరు. ఎవరికీ తెలియనే తెలియదు.

అంతలో వాళ్ళమ్మ ఫోన్, మా అబ్బాయి చెప్పినట్టున్నాడు. పిల్ల చేతికి సూదులుండటంతో ఫోన్ దుప్పటి మీద పెట్టి స్పీకర్ నొక్కింది. నేను గోడకి అంటుకుపోయాను.

"మమ్మీ, నేను ఓకే. మార్కెట్‌లో గ్రాస్‌హాపర్స్ ట్రై చేశాను. అంతే."

"నీకు బుద్ధున్నదా బిడ్డా?" అన్నది ఆవిడ. "రొయ్యలే పడవని ఎరికె ఉండి పురుగులు తింటవా? గింత పెద్దగైనవు, గీ తెలివి లేదా? కొత్తగ ఒకరింటికి పోయిన కాడ గిట్లనేనా ఉండేది? ఆంటీ ఎంత పరేషాన్ అయ్యుంటది? వదినా, ఉన్నరా ఆడ? ఏమనుకోకుండ్రి వదినా. మా పిల్ల మిమ్మల్ని మస్తు తిప్పలు పెట్టింది."

ఆవిడ నన్ను క్షమించమని అడుగుతోంది. నన్ను! పిల్ల తిట్లు తింటూ పైకప్పు వంక చూస్తోంది. కంటి చివర నుంచి నీళ్ళు కారి చెవిలోకి పోతున్నాయి, తుడుచుకోవడానికి చేయి లేవడం లేదు. ఇంకొక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు, జీవితాంతం మూసుకుని ఉండగలను. ఆ సంగతి తెలిసి నా మీద నాకే భయం వేసింది.

మంచం దగ్గరికి వెళ్ళి ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. పిల్ల తల అడ్డంగా ఊపింది, వద్దన్నట్టు.

"వదినా, దాన్ని ఏమీ అనకండి. అది తినలేదు. నేను పెట్టాను."

"ఏందీ?"

"నేనే నోట్లో పెట్టాను. నా ఈ చేత్తోనే. ఏదో ధైర్యవంతురాలినని అనిపించుకుందామని గొప్పలకు పోయి. తర్వాత దగ్గుతుంటే కారమనుకుని నిమ్మరసం తాగించాను. ఆ కొట్టావిడ రాకపోయుంటే..."

అవతల పొయ్యి మీద ఏదో ఉన్నట్టుంది, కుక్కర్ కూత సన్నగా వినిపించింది, ఆవిడ పట్టించుకోలేదు. తిట్టండి అనుకున్నాను. సంబంధం వద్దనండి, మీ కొడుక్కి నా పిల్లనివ్వను అనండి, ఏమన్నా పడతాను.

"వద్దనలేదా అది?" అని అడిగింది చివరికి.

"అన్నది. రొయ్యలు పడవని కూడా చెప్పింది. మొహమాటమనుకున్నాను."

"వద్దని ఎన్నిసార్లన్నది?"

"నాకు తెలియదు వదినా. నేను వినలేదు."

ఆవిడ ఊపిరి వినిపించింది. నేను మంచం కమ్మీ పట్టుకున్నాను.

"నేనే నేర్పిన," అన్నది ఆవిడ. తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "చిన్నప్పటి సంది నేనే నేర్పిన దానికి. ఆంటీవాళ్ళు ఏం పెట్టినా కాదనకు బిడ్డా, పెంపకం మంచిగ లేదంటరు అని. ఒకసారి ఎవరింట్లనో లడ్డు వద్దని ఉమ్మితే వీపు మీద సరిచిన. గప్పటి సంది పెట్టింది పెట్టినట్టు మింగుతది. ఊపిరాడకపోయినా నా బిడ్డ నోరు తెరుస్తది వదినా. నేను గట్ల చేసిన దాన్ని."

ఆవిడ ఏడవడం మొదలుపెట్టింది. పెద్దగా, సిగ్గు లేకుండా, నోరు మూసుకోకుండా ఏడ్చింది. నేను మురిసిపోయిన పెంపకం అది. కమ్మీ మీద నా చేయి చూసుకుంటే అసహ్యం వేసింది. తిట్టి ఉంటే ఎంత బాగుండేది.

"ఫోన్ దానికియ్యుండ్రి," అన్నది కాసేపటికి.

ఇచ్చాను. పిల్ల చెవి దగ్గర పెట్టి పట్టుకున్నాను. "మమ్మీ," అన్నది అది. ఇద్దరి ఏడుపూ వింటూ నేను మంచం పక్కన అలాగే నిలబడ్డాను. కుర్చీ దగ్గరే ఉంది. కూర్చోవడానికి ధైర్యం చాలలేదు.